జపాన్ ఆఫీసులో ఉద్యోగానికి జపనీస్ పరీక్ష ఎన్1 పాసైతే చాలా?

చాలదు. టోక్యోలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నా కాబట్టి గట్టిగానే చెప్తున్నా. అసలు జేఎల్‌పీటీలో, అంటే ఆ జపనీస్ భాషా పరీక్షలో, మాట్లాడే పరీక్షే లేదు, అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి అన్నిటికన్నా కష్టమైన ఎన్1 దాకా అంతా చదవడం, వినడం, ఇచ్చినవాటిలో సరైన ఆన్సర్‌కి టిక్కు పెట్టడమే. మన దగ్గర కోచింగ్‌లలో కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల లిస్టులు బట్టీ పట్టించి పంపించేస్తారు, ఇక్కడికొచ్చాక పాపం పిల్లలు ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడతారు. చూస్తే బాధేస్తుంది.

మా ఆఫీసులో నా పక్క సీటమ్మాయి అప్పుడే కాలేజీ అయ్యి చేరింది. మా డిపార్ట్‌మెంట్ హెడ్, అంటే బుచో, పేరు తనకా అనుకోండి. రోజంతా "తనకా బుచో" అంటూ ఆయనతో ఎంతో మర్యాదగా మాట్లాడే పిల్ల, ఒకరోజు క్లయింట్ ఫోన్ చేసి ఆయన్ని అడిగితే, ఆయన ఎదురుగా కూర్చునుండగానే "తనకా ని ఒత్సునాగి ఇతాషిమాసు" అంది. తనకాకి ఇస్తాను అని, మన 'గారు' లాంటి సాన్ లేదు, బుచో లేదు, ఒట్టి తనకా! హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన మా టీమ్ కుర్రాడు, ఎన్1 పాసైనవాడే, "ఏంటన్నా, బాస్‌ని పట్టుకుని అలా అనేసింది" అని నా చెవిలో గొణిగాడు. బుచో మాత్రం మామూలుగా ఫోన్ అందుకున్నారు.

ఎందుకంటే జపనీస్‌లో మర్యాద మనిషి హోదాకి అతుక్కుని ఉండదు, వినేవాళ్ళెవరో చూసి మారిపోతుంది. బయటివాళ్ళతో, అంటే సోతోతో మాట్లాడేటప్పుడు కంపెనీ ప్రెసిడెంట్ అయినా సరే ఉచి, మన లోపలి మనిషే, ఆయన్ని తగ్గించే చెప్పాలి. మనం ఎవరితోనైనా "మా నాన్నగారు వచ్చారు" అనే అంటాం కదా, వీళ్ళు బయటివాళ్ళతో సొంత నాన్నని చిచి అంటారు, అవతలివాళ్ళ నాన్న అయితే ఒతోసాన్. కొరియన్లు ఈ విషయంలో మనవైపే, బయటివాళ్ళ ముందు కూడా బాస్‌కి గౌరవం తగ్గించరు.

కేయిగో, అంటే ఈ మర్యాద భాష, మూడు రకాలని అందరూ నేర్చుకునేదాన్ని 2007లో ఇక్కడి ప్రభుత్వ సాంస్కృతిక మండలి ఐదు చేసింది, ఇప్పుడు ఆ ఐదింటి పేర్లు బట్టీ పట్టేవాళ్ళు తయారయ్యారు, శుద్ధ దండగ. ఇంకో మంట, మనం శుభ్రంగా జపనీస్‌లో అడిగినా మన మొహం చూసి షాపుల్లో ఇంగ్లీషులో జవాబిస్తారు, ఇక మాట్లాడే ప్రాక్టీస్ ఎక్కడ్నుంచి వస్తుంది?

నా మాట వింటే ఎన్2తో పరీక్షలు ఆపేసి, ఆఫీసులో ఫోన్ మోగగానే మీరే ఎత్తండి. పక్కవాళ్ళు ఎవరితో మాట్లాడేటప్పుడు ఎవరికి సాన్ తీసేస్తున్నారో వినండి.