కిటికీలో నారు దారాల్లా సాగిపోతోంది

ప్రశ్న: ఐదేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉన్నాక ఈ శీతాకాలంలో మాకు అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న నేల) వచ్చింది. ఆత్రంకొద్దీ ఫిబ్రవరి మొదట్లోనే టమాటా, వంగ, మిరప, సొర గింజలు ట్రేలలో వేసి, రేడియేటర్ (గది వెచ్చబెట్టే హీటర్) పైనున్న కిటికీలో పెట్టాను. మొలిచాయి కానీ దారాల్లా సాగి వాలిపోయాయి. కొన్ని మొదట్లో సన్నబడి కూలిపోయాయి. ఇప్పుడు మార్చి చివర. మళ్ళీ వేస్తే పంట దక్కుతుందా? మా అమ్మ ఊరి విత్తనాలు పంపుతానంటోంది.
– ఒక పాఠకురాలు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: దక్కుతుందమ్మా. టమాటాకు వేళ మించిపోలేదు, సొరకు వేళే రాలేదు.

మన గుంటూరు వైపు మిరప నారు వానాకాలంలో ఆరుబయటే పోస్తారు. మా నాన్న నారుమడి మీద గడ్డి కప్పేవాడు, మొలక కనబడగానే తీసేసేవాడు. అక్కడ వెచ్చదనానికీ వెలుగుకూ కొదవ లేదు. ఇక్కడ మీరు రేడియేటర్‌తో వేడి ఇచ్చారు, వెలుగు మాత్రం ఫిబ్రవరి ఆకాశం ఇచ్చినంతే. వేడి పెరగమంటుంది, వెలుగు చాలదు, మొక్క కిటికీ వైపు సాగిపోతుంది. గింజ మొలిచేదాకా 20 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి. మొలక తల ఎత్తిన రోజే ట్రేని రేడియేటర్ మీంచి తీసి, కాస్త చల్లగా ఉండే దక్షిణపు కిటికీకి మార్చండి. రోజూ ట్రేని అటుదిటు తిప్పండి.

కూలిపోయినవి నారుకుళ్ళు తెగులు తగిలినవి. వాటికి మందు లేదు, ఆ ట్రేలో మట్టితో సహా పారేయండి. ఈసారి కొత్త సీడ్ కంపోస్టు (గింజలు మొలిపించడానికి అమ్మే మెత్తటి మట్టి మిశ్రమం) కొనండి, ట్రేలు సబ్బుతో కడగండి, గింజలు దూరదూరంగా వేయండి. డ్రమ్ములో పట్టిన వాననీళ్ళు నారుకు పోయకండి, కుళాయి నీళ్ళే మంచివి. ట్రేని నీళ్ళ పళ్ళెంలో ఓ పావుగంట ఉంచి తీసేస్తే మట్టి కింది నుంచి తడుస్తుంది. మూత పెట్టి ఉంటే మొలకలు రాగానే తీసేయండి.

సాగిన టమాటా మొక్కల్లో మొదలు గట్టిగా ఉన్నవి బతికించుకోవచ్చు. మొదటి జత ఆకుల దాకా కాడను మట్టిలో పాతిపెట్టండి. టమాటా కాడ పొడవునా వేళ్ళు వేస్తుంది. తీసేటప్పుడు ఆకు పట్టుకోండి, కాడ పట్టుకోవద్దు. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్క పోయినట్టే.

మిరప, వంగ మాత్రం ఇప్పుడు గింజతో మొదలుపెడితే ఆలస్యమే. మే నెలలో నర్సరీలో మొక్కలు కొనుక్కోండి. వంగను ఆరుబయట మడిలో పెట్టి నేను రెండేళ్ళు బాధపడ్డాను. గ్రీన్‌హౌస్ లేకపోతే ఇంట్లో ఎండ తగిలే కిటికీలో కుండీయే దానికి చోటు. సొర గింజలు ఏప్రిల్ మూడో వారంలో, కుండీకి ఒకటి చొప్పున వేయండి. దాని వేరు కదిలిస్తే కోపగించుకుంటుంది. సొరకు కూడా పాలీటన్నెల్ (ప్లాస్టిక్ పట్టా కప్పిన పందిరి) ఉంటేనే ధీమా.

ఇక అసలు మాట. మీ ప్రాంతంలో మే చివరిదాకా రాత్రిపూట ఫ్రాస్ట్ (మొక్కల మీద మంచు గడ్డకట్టేంత చలి) పడొచ్చు. 2020 మే రెండో వారంలో పడిన ఫ్రాస్ట్‌కు నా సొరపాదులు తెల్లారేసరికి ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లబడ్డాయి. మూడు నెలలు పిల్లల్లా పెంచినవి, చాలా ఏడుపొచ్చింది. అప్పట్నుంచి జూన్ మొదటి వారం వచ్చేదాకా వాటిని మడిలో నాటను. నాటే ముందు పది రోజులు పగలు బయటపెట్టి రాత్రి లోపలికి తెస్తాను. మొదటి రోజు నీడలో గంట చాలు.

ఈలోపు మడి ఖాళీగా ఉంచకండి. ఏప్రిల్‌లో బంగాళాదుంపలు పెట్టండి. ముల్లంగి, పాలకూర, కొత్తిమీర నేరుగా నేలలోనే చల్లండి. కొత్తిమీర నారు తీసి నాటితే త్వరగా పూతకొస్తుంది. గోంగూర ఏప్రిల్ చివర లోపల మొలిపించి జూన్‌లో నాటితే ఆకు వరకూ దక్కుతుంది, మనకు కావలసిందీ ఆకే కదా. చిక్కుడు మీద ఆశ పెట్టుకోకండి. పగలు తగ్గితే గానీ అది పూయదు, ఇక్కడ పగలు తగ్గేసరికి చలి వచ్చేస్తుంది. దాని బదులు రన్నర్ బీన్స్ (ఇక్కడి తీగ బీన్స్) వేయండి, లేతగా కోస్తే కొబ్బరి వేసి వేపుడు బాగుంటుంది.

అమ్మగారి విత్తనాల సంగతి. భారతదేశం నుంచి టమాటా, మిరప గింజలు తేవాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (గింజలకు తెగుళ్ళు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం) ఉండాలి. కవరులో పెట్టి పంపితే పట్టుకుంటారు. మొక్కల వైరస్‌లు గింజతో వస్తాయని ఈ నియమం, అది మన పక్కమడి వాళ్ళ టమాటాల కోసం కూడా. వంకాయ, సొర, గోంగూర గింజలు ఇక్కడి విత్తనాల కంపెనీల దగ్గరే దొరుకుతున్నాయి. అమ్మగారిని ఫోన్‌లో నారు చూపించి సలహా అడగండి.