డాక్టర్ ఆగమన్నారు సరే, నొప్పికి మందు మాత్రం ఆపకండి

మీ పాపకి ఏడాదిన్నర, జలుబు తర్వాత ఒక చెవి నొప్పి, డాక్టరేమో యాంటీబయాటిక్ రాయకుండా "రెండు రోజులు చూద్దాం" అన్నారు, ఆగొచ్చా అని అడిగారు. మావాడికీ ఈ వయసులోనే వచ్చింది. అప్పుడు డాక్టర్ మీద లోలోపల విసుక్కున్నాను కూడా.

చిన్నపిల్లల్లో ముక్కు వెనక నుంచి మధ్యచెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకి అది వాచి మూసుకుపోతే లోపల నీరు చేరి ఇన్ఫెక్షన్ వస్తుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. అందుకే ఆరు నెలలు దాటిన బిడ్డకి ఒక్క చెవికే వచ్చి, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండి, నొప్పి మరీ ఎక్కువ కాకపోతే 48 నుంచి 72 గంటలు చూడమంటారు.

నేను చేసిన తప్పు వేరు. ఆగడమంటే ఏ మందూ వేయకూడదనుకున్నాను. వాడు రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు. యాంటీబయాటిక్ వేసినా మొదటి రోజు నొప్పి తగ్గించేది అది కాదట, పారాసిటమాల్. దాని డోసు బరువును బట్టి: ఒక్కోసారికి కిలోకి 10–15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. సిరప్ గాఢత, చుక్కల మందు గాఢత ఒకటి కావు. మీ దగ్గరున్న సీసా చూపించి ఎన్ని ఎం.ఎల్. వేయాలో రాయించుకోండి.

మూడోరోజు తెల్లవారుజామున చూస్తే దిండు మీద పసుపు మరక. చెవిలోంచి చీము! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, వాడు మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు. కర్ణభేరికి చిల్లు పడి ఒత్తిడి దిగిపోయిందట. ఇలాంటి చిల్లు చాలావరకు కొన్ని వారాల్లో పూడుకుంటుంది, మావాడికీ పూడింది. కానీ చీము కారాక ఇంకా ఆగుదామనుకోకూడదు. ఆరోజే చూపిస్తే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 10 రోజులు రాశారు. నాలుగో రోజుకే గెంతులేస్తున్నా పదిరోజులూ వేశాం.

చెవిలో నూనె, ఇంట్లో మిగిలిన చుక్కలు పోయకండి. చెవి వెనక వాపు, చెవి ముందుకు పొడుచుకు రావడం, మెడ బిగుసుకోవడం, మూతి పక్కకు లాగడం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికే.

ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా మధ్యచెవిలో నీరు కొన్ని వారాలు నిలుస్తుంది. మావాడు పిలిస్తే పలక్కపోతే మొండితనమనుకుని కసిరాను. పాపం, వాడికి సరిగ్గా వినబడకపోవడమే అది. మూడు నెలలకీ నీరు పోకపోతే వినికిడి పరీక్ష చేయించాలన్నారు. మాకు రెండో నెలలోనే పోయింది.