అర్థం కాలేదన్న మాట

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మీ ఫిల్మ్ క్లబ్బులో 'లూసియా' కన్నడ చిత్రం వేసినప్పుడు చూసినవాళ్లు ఏమన్నారో సేకరించి, పన్నెండు పేజీలు రాసి, "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అని పైన ఒక చీటీ కూడా అంటించావు. రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది, మనుషులను గమనించే కన్నూ ఉంది. అయితే రెండో పేరాలోనే "హాజరైనవారిలో సగం మందికి సినిమా అర్థం కాలేదు" అని తేల్చేసి, మిగిలిన పేజీలన్నీ ఆ తీర్పుకు సాక్షులను పోగేయడానికే ఖర్చుపెట్టావు. నా తగాదా ఆ ఒక్క వాక్యంతోనే.

2013 సెప్టెంబరు 6న ఆ సినిమా విడుదలైనప్పుడు నేను బెంగళూరులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. రెండో ఆదివారం మ్యాట్నీకి వెళ్లాను. నాకు కన్నడం వింటే తెలుస్తుంది, మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్లు నవ్వుతారు. కథ నీకు తెలిసిందే. పాతబడిన సినిమా హాల్లో బ్యాటరీ లైటు వేసి సీట్లు చూపించే నిక్కి అనే కుర్రవాడు నిద్ర పట్టక ఒక మాత్రకు అలవాటు పడతాడు. అక్కడి నుంచి రెండు జీవితాలు, ఒకటి రంగుల్లో, ఇంకొకటి నలుపు తెలుపుల్లో, పక్కపక్కనే నడుస్తాయి. ఇంటర్వెల్లో క్యాంటీను దగ్గర నా ముందున్న నడివయసు మనిషి, "ఇందులో ఏది కల?" అని భార్యను అడిగాడు. ఆవిడ తడుముకోకుండా, "నలుపు తెలుపుదే కల" అంది. "మరైతే ఆ పోలీసు దర్యాప్తు ఎక్కడ జరుగుతున్నట్టు?" అన్నాడు ఆయన. ఆవిడ ఆలోచనలో పడింది. చేతిలో సమోసా చల్లారిపోయింది. ఆట వదిలాక పార్కింగులో అదే పెద్దమనిషి హెల్మెట్ పెట్టుకుంటూ, తనకేమీ అర్థం కాలేదని అందరికీ వినబడేట్టు ప్రకటించాడు. ప్రకటించి, స్కూటరు స్టార్టు చెయ్యకుండా పది నిమిషాలు అక్కడే నిలబడి, మొదటి దృశ్యం నుంచి వరుసగా కథంతా భార్యకు అప్పజెప్పాడు. ఒక్క దృశ్యం తప్పిపోలేదు. ఒకేఒక్క చోట ఇద్దరి లెక్కా కలవలేదు, అంతే. నీ పద్ధతిలో లెక్కవేస్తే ఆయన అర్థం కాని సగంలోకి వెళతాడు.

ఆయన అన్నమాటకు అసలు తాత్పర్యం, ఈ దర్శకుడు నన్ను ఎక్కడో ఏమార్చాడు, ఎక్కడన్నది పట్టుకునేదాకా ఇంటికి పోను, అని. అదే పార్కింగులో అదే మాట అన్న మరో కుర్రవాణ్ణి నేను లోపలే చూశాను. టైటిళ్లు అయిపోయిన పది నిమిషాలకు పాప్‌కార్న్ డబ్బాతో వచ్చి, కాళ్లు తొక్కుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. ఇలాంటి చిత్రంలో మొదటి పది నిమిషాలు పోగొట్టుకున్నవాడికి చివరిదాకా ఏమీ దక్కదు. ఆ నేరం సినిమాదీ కాదు, అతని బుర్రదీ కాదు. ఇక మూడోరకం మనుషులు ఉంటారు, వాళ్లను పట్టుకోవడం కష్టం. వాళ్లకు ముగింపుతో సహా అన్నీ అర్థమవుతాయి. అది నచ్చదు. నచ్చలేదని చెబితే కారణం అడుగుతారు కనుక, అర్థం కాలేదని చెప్పి తప్పుకుంటారు.

అందుచేత ఎవరైనా ఆ మాట అన్నప్పుడు కలం మూసెయ్యకు. ఎక్కడి నుంచి అర్థం కాలేదో అడుగు. ఏమి అర్థం కాలేదని అడిగితే మనిషి సిగ్గుపడి ముడుచుకుంటాడు. ఎక్కడి నుంచి అని అడిగితే ఒక దృశ్యం పేరు చెబుతాడు, అంటే అక్కడిదాకా సినిమా వెంట నడిచాడన్నమాట. నీ పన్నెండు పేజీల్లో పదిహేడు మంది మాట్లాడారు గాని, ఈ ప్రశ్న ఒక్కరికీ వెయ్యలేదు. వేసి ఉంటే చాలామంది ఒకే చోట ఆగిపోయారని నీకు తెలిసేదేమో. నలుపు తెలుపు అనగానే గతమో కలో అనుకోవడం మనకు దశాబ్దాలుగా సినిమాలే నేర్పిన అలవాటు. దర్శకుడు పవన్ కుమార్ ఆ అలవాటు మీదే తన ఆట అంతా కట్టాడు. ఇంతకుమించి చెబితే గుట్టు విప్పినట్టవుతుంది, ఇన్నేళ్లయినా నేను విప్పను. నువ్వు మాత్రం ఏడో పేజీలో విప్పేశావు. దాన్ని కొట్టెయ్యి. మలుపు చెప్పకుండా మలుపు దగ్గర జనం ఏమయ్యారో రాయడం కష్టమే. అయినా ఆ కష్టం పడాల్సిందే. కూర్చున్నవాడు ఎక్కడ ముందుకు వంగాడో, ఫోను ఎక్కడ జేబులో పెట్టేశాడో రాస్తే చాలు, చదివేవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

చప్పట్ల సంగతి చూద్దాం. లండన్‌లో జరిగిన భారతీయ చలనచిత్రోత్సవంలో 2013 జూలైలో ఈ సినిమాకు ప్రేక్షకుల ఓటుతో ఇచ్చే బహుమతి వచ్చిన మాట నిజమే. దాన్ని నువ్వు "విదేశీయులు మెచ్చారు, మనవాళ్లు గ్రహించలేకపోయారు" అనే పోలికకు వాడుకున్నావు. అది మన వ్యాసాలకు పట్టిన పాత జబ్బు. ఉత్సవానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాడు కొత్తదనం కోసమే వస్తాడు, అతను మెచ్చుకోవడంలో వింత లేదు. పైగా కర్ణాటకలో కూడా ఈ సినిమా బాగానే ఆడింది, 2015లో సిద్ధార్థ్‌తో తమిళంలో మళ్లీ తీసుకున్నారు కూడా. నువ్వు అసలు తాకకుండా వదిలేసిన విషయం వేరే ఉంది. నిర్మాతలు ముందుకు రాకపోతే దర్శకుడు ఆ గోడు ఇంటర్నెట్‌లో బహిరంగంగా చెప్పుకోగా, 110 మంది కలిసి 27 రోజుల్లో 51 లక్షల రూపాయలు సమకూర్చారు. వాళ్లు సినిమా వ్యాపారులు కారు, మనలాంటి చూసేవాళ్లు. డబ్బు పెట్టిన ప్రేక్షకుడి చప్పట్లు కొడుకు పెళ్లిలో తండ్రి చప్పట్ల లాంటివి. అబద్ధం కావు గాని, కొలతకు పనికిరావు. మొదటి ఆటలో ఎవరు కూర్చున్నారో కనుక్కో. మన హైదరాబాదులో ప్రీమియర్ షోలకు సగం హాలు నటుల బంధువులతో, సహాయ దర్శకుల రూమ్‌మేట్లతో నిండుతుంది. వాళ్లు బయటికి వచ్చి మైకు ముందు చెప్పే పబ్లిక్ టాక్ విని రాస్తే, పెళ్లి భోజనం ఎలా ఉందని వడ్డించేవాణ్ణి అడిగినట్టే.

అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ 1979 నుంచి ఒక పని చేస్తోంది. విడుదలైన మొదటి రాత్రి హాల్లోంచి బయటికి వచ్చేవాళ్ల చేతికి కార్డు ఇచ్చి, బడిలో వేసినట్టు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు వేయించుకుంటుంది. 2018 జూన్‌లో 'హెరెడిటరీ' అనే చిత్రానికి వాళ్లు వేసిన గ్రేడు డి ప్లస్, దాదాపు తప్పినట్టే లెక్క. విమర్శకులు అదే చిత్రాన్ని ఆకాశానికెత్తారు. కోటి డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా కలిపి 8 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఎవరు పొరబడ్డారు? నా ఉద్దేశంలో ఎవరూ పొరబడలేదు. దయ్యం సినిమా అనుకుని కేకలు వేసి నవ్వుకుందామని వెళ్లినవాళ్ల ముందు, ఒక కుటుంబం దుఃఖంలో కుళ్లిపోవడాన్ని రెండు గంటలపాటు పెట్టారు. వాళ్లు వేసిన గ్రేడు సినిమాకు కాదు, పోస్టరుకూ సినిమాకూ మధ్య ఉన్న దూరానికి. మీ క్లబ్బు వాళ్లు పంపిన ఆహ్వానంలో 'లూసియా'ను ఏమని పరిచయం చేశారు? "ఉత్కంఠభరిత థ్రిల్లర్" అన్నారా, "కలల మీద ఒక ప్రయోగం" అన్నారా? ఆ ఒక్క వాక్యం సంపాదించి వ్యాసంలో పెట్టు. నీ పదిహేడు మందిలో కనీసం ఐదారుగురి కోపానికి కారణం అక్కడే దొరుకుతుందని నా అనుమానం.

ఇక నీ నాలుగో పేజీ నిండా "ల్యాగ్" ఉంది. కుర్రకారు మాట కనుక నాకు అభ్యంతరం లేదు, మా కాలంలో సాగదీశాడు అనేవాళ్లం. అయితే థ్రిల్లర్‌లో విసుగు రెండు దారుల్లో వస్తుంది. ప్రేక్షకుడు దర్శకుడి కంటే ముందే మలుపు దగ్గరికి చేరి, ఇంకా రాడేమిటని కాచుకుని కూర్చున్నప్పుడు పుట్టే విసుగు ఒకటి. దారి తప్పి, వెనకబడి, ఇక పరుగెత్తలేనని చతికిలబడినప్పుడు పుట్టేది ఇంకొకటి. ఒకటి తెలివికి విసుగు, రెండోది అలసట, రెండింటికీ మనవాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం ల్యాగే. 2018 సెప్టెంబరు 7న, ఒకే శుక్రవారం, తెలుగులో రెండు చిన్న సినిమాలు వచ్చాయి. 'కేరాఫ్ కంచరపాలెం'ను దాదాపు అందరూ గుండెకు హత్తుకున్నారు. జనం దగ్గర డబ్బు పోగుచేసి తీసిన 'మను' చీకటిగా, నెమ్మదిగా, మూడు గంటలకు దగ్గరగా సాగే మిస్టరీ. దాని దగ్గర జనం రెండుగా చీలిపోయారు. నాతో వచ్చిన మిత్రుడికి ఛాయాగ్రహణం చూస్తూ టైమే తెలియలేదు. మా ముందు వరసలోని ఇద్దరు కుర్రాళ్లు ఇంటర్వెల్ తర్వాత తిరిగి రాలేదు. పోయినవాళ్లు ముందుకు పరుగెత్తి పోయారా, వెనకబడి పోయారా అన్నది నేను ఆరోజు అడగలేదు. ఇప్పటికీ ఆ లోటు నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

గుచ్చుకునేవి ఇంకా ఉన్నాయి. కుర్రతనంలో ఒక వారపత్రికకు సినిమా శీర్షిక రాసేవాణ్ణి. ఒక చిన్న చిత్రంలో తల్లి అద్దం ముందు నిలబడి తనలో తాను మాట్లాడుకునే ఘట్టంలో హాలంతా నవ్వితే, "ప్రేక్షకులు ఎగతాళి చేశారు" అని రాసి పారేశాను. ఆ తర్వాతి వారం మా ఆవిడ బలవంతం మీద మళ్లీ వెళ్లాను. అదే చోట, అదే నవ్వు. ఈసారి నేను తెర చూడలేదు, పక్కకు చూశాను. మా వరస చివర ఒక ఆడమనిషి నవ్వుతోంది. నవ్వుతూనే కొంగు చివరను వేలికి చుట్టి చుట్టి ఎర్రబడేదాకా బిగిస్తోంది. భయం మింగుడుపడక పైకి వచ్చే నవ్వు అది. నా వాక్యం అప్పటికే అచ్చయిపోయింది. ఆ చిత్రం మా ఊళ్లో మూడో వారం చూడలేదు. నా రాత వల్లే పోయిందని అనుకునేంత అహం నాకు లేదు, కానీ అబద్ధం రాశానన్నది మాత్రం నిజం. మనసుకు సంబంధించిన సినిమాల్లో నవ్వు, దగ్గు, ఉన్నట్టుండి పక్కవాడితో కబుర్లు, ఇవన్నీ చాలాసార్లు తప్పించుకునే ప్రయత్నాలే. చెవితో విన్నదాన్ని కంటితో ఒకసారి సరిచూసుకో.

నీ పదిహేడు మంది అభిప్రాయాలకూ తేదీ వెయ్యి, హాలు గుమ్మంలో చెప్పారో, వారం తర్వాత ఫోనులో చెప్పారో కూడా రాయి. 1962లో అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో, ఫ్యాక్టరీలకూ బడులకూ పాఠాల చిత్రాలు తీసుకునే హెర్క్ హార్వీ సుమారు ముప్ఫై మూడు వేల డాలర్లతో 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' అనే దయ్యం సినిమా తీశాడు. దయ్యం వేషం కూడా తనే కట్టాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. అర్ధరాత్రి టీవీ ప్రసారాల్లో నిద్రపట్టని జనం చూసి చూసి, 1989లో మళ్లీ థియేటర్లకు తెప్పించుకున్నారు. గుమ్మం దగ్గర అన్నమాట ఒకటి, ఇంటికెళ్లి పడుకున్నాక పీడించినది ఇంకొకటి. రెండింటినీ కలిపి సగటు తీస్తే ఏదీ మిగలదు.

చివరగా తొమ్మిదో పేజీ. మీకు హాలు తాళాలు తీసి పెట్టిన తాత సినిమా అంతా వెనక గోడకు ఆనుకుని చూసి, నువ్వు చెప్పులు వేసుకుంటుంటే, "ఇంతకీ ఆ పిలగానికి నిద్ర పట్టిందా బిడ్డా?" అని అడిగాడని రాశావు. దాన్ని "ఒక నిరక్షరాస్యుడి అమాయకమైన ప్రశ్న" అంటూ బ్రాకెట్లలో ఇరికించావు. బ్రాకెట్లు తీసెయ్యి, అమాయకమైన అన్న మాట కొట్టెయ్యి. నిద్ర పట్టని కుర్రవాడితో మొదలైన కథను మిగిలినవాళ్లంతా కలల లెక్కల్లో పడి మరిచిపోతే, ఆయన ఒక్కడే ఆ కుర్రవాణ్ణి చివరిదాకా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని మొదటి పేజీలోకి తీసుకురా. ఈలోగా వీలు చూసుకుని మళ్లీ ఆ హాలుకు వెళ్లు. తాతకు కన్నడం వచ్చా, రాకపోతే తెర కింద పడే అక్షరాలు చదవలేని మనిషి దేన్ని బట్టి కథ పట్టుకున్నాడో అడుగు. రెండుంబావు గంటలసేపు ఆయనకు ఎవరైనా కుర్చీ వేశారో లేదో కూడా అడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు