వెయ్యి మంది పని, పన్నెండు నిమిషాల టాక్

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. మా గ్రూప్ జపాన్‌లోని బెల్-2 అనే కణ భౌతిక ప్రయోగంలో భాగం. వచ్చే డీఏఈ (అణుశక్తి విభాగం) హై ఎనర్జీ ఫిజిక్స్ సింపోజియంలో బి మీసాన్ అనే కణం అరుదైన తీరుల్లో వేరే కణాలుగా విడిపోవడం (క్షయం) గురించి కొలాబరేషన్ (ప్రయోగం నడిపే మొత్తం బృందం) తరఫున మాట్లాడమన్నారు. 12 నిమిషాల టాక్, 3 నిమిషాలు ప్రశ్నలు. నేను చేస్తున్న ఎనాలిసిస్ (డేటా విశ్లేషణ) ఇంకా బయటికి రాలేదు కాబట్టి చూపించేదంతా వేరేవాళ్ల పనే. దీనివల్ల నా కెరీర్‌కు ఏం లాభం? ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే స్లైడ్లు ఎలా చేయాలి?

జవాబు: ఒప్పుకోండి. ఈ వారమే మీ గైడ్‌కు సరే అని చెప్పేయండి.

ముందు లాభం సంగతి చూద్దాం. పెద్ద ప్రయోగాల పేపర్లలో మీ పేరు అక్షర క్రమంలో వందల పేర్ల మధ్య ఎక్కడో ఉంటుంది. 2015లో యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో నడిచే అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు కలిసి హిగ్స్ కణం ద్రవ్యరాశిపై ఇచ్చిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే! రేపు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) ఇచ్చే ప్రొఫెసర్ అలాంటి జాబితా చూసి మీరేం చేశారో కనిపెట్టలేరు. టాక్ అలా కాదు. ప్రోగ్రామ్‌లో మీ ఒక్కరి పేరే ఉంటుంది, హాల్లో వినేవాళ్లకు మీ ముఖం గుర్తుంటుంది. కొలాబరేషన్ తన పరువు మీ చేతిలో పెట్టిందంటే మీరు నమ్మదగిన మనిషని వాళ్లు అనుకున్నట్టే. రెజ్యూమెలో ఈ టాక్‌ను మిగతా టాక్‌లతో కలపకుండా ‘కొలాబరేషన్ తరఫున’ అని విడిగా రాసుకోండి.

ఇక స్లైడ్లు. మీరు అక్కడికి రాయబారిగా వెళ్తున్నారు. పంపినవాళ్లు ఒప్పుకున్న మాటే రాయబారి చెప్పాలి, దాన్ని బాగా చెప్పాలి. సొంత మాట కలిపితే చిక్కు. బయటికి విడుదలైన ప్లాట్లనే (గ్రాఫ్‌లనే) వాడండి. రంగులు నచ్చలేదని మళ్లీ గీయకండి, ‘ప్రిలిమినరీ’ (ఇంకా తుది ఫలితం కాదు) అన్న ముద్ర ఉంటే కత్తిరించకండి. రెండు ప్రయోగాల సంఖ్యలు తీసుకుని మీరే సగటు కట్టకండి. మీ సొంత ఎనాలిసిస్ నుంచి చిన్న గ్రాఫ్ ఒకటి బ్యాకప్‌లో (ప్రశ్నలొస్తే చూపడానికి చివర ఉంచే స్లైడ్లలో) పెడదామని చేతులు దురద పెడతాయి చూడండి, ఆ పని అస్సలు వద్దు. బ్యాకప్ కూడా బయటి స్లైడే, ఫైల్ వెబ్‌సైట్‌లోకి ఎక్కాక దాన్ని ఎవరైనా తెరుస్తారు.

మాటల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బి మీసాన్ ఒక కేయాన్, రెండు న్యూట్రినోలు అనే వేరే కణాలుగా విడిపోయే క్షయం గురించి బెల్-2 2023లో ప్రకటించిన ఫలితం మీ టాక్‌లో ఎలాగూ ఉంటుంది. అది 3.5 సిగ్మా (ఫలితం కాకతాళీయం కాదని ఎంత గట్టిగా చెప్పొచ్చో చూపే కొలత). అంటే ‘ఆధారం’ అనొచ్చు. 5 సిగ్మా దాటనిదే ‘కనుగొన్నాం’ అనడానికి లేదు. కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం, అంటే స్టాండర్డ్ మోడల్ అంచనా కంటే అది 2.7 సిగ్మా ఎక్కువ. అక్కడే చాలామంది యువ వక్తలకు ఉత్సాహం పొంగి, చివరి స్లైడ్‌లో ‘కొత్త ఫిజిక్స్?’ అని పెద్ద అక్షరాలతో ప్రశ్న పెట్టేస్తారు. పేపర్ సారాంశంలో ఏ పదం ఉందో అదే వాడండి. ఆ ఒక్క పదం కోసం లోపల ఎన్నో గంటల వాదన నడిచి ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగం వాళ్లు సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాస్సోకు 730 కిలోమీటర్లు వెళ్లిన న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్ల ముందు చేరాయని సెమినార్‌లో చెప్పారు. ఆ పేపర్ మీద పేరు పెట్టడానికి కొందరు సభ్యులే ఒప్పుకోలేదు. చివరికి ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించకపోవడం దగ్గర అసలు లోపం దొరికింది. 2012 మార్చిలో ప్రయోగ సారథి, ఫిజిక్స్ కోఆర్డినేటర్ ఇద్దరూ పదవులు వదిలేశారు. అక్కడ తప్పింది కొలత, స్లైడ్లు కాదు. అయినా తెర మీద కనపడినది మొత్తం బృందం మాటగానే లోకంలోకి వెళ్లింది, చూశారా.

ఎక్కువ టెన్షన్ పెట్టేది కామెంట్ల దశ, అంటే మీ స్లైడ్ల డ్రాఫ్ట్‌పై కొలాబరేషన్‌లోని మిగతావాళ్లు అభిప్రాయాలు చెప్పే దశ. డ్రాఫ్ట్ ఎన్ని రోజుల ముందు పెట్టాలో మీ స్పీకర్స్ కమిటీ నియమాల్లో ఉంటుంది, దానికి ఇంకో వారం ముందే సిద్ధం చేసుకోండి. బెల్-2 ఉన్న త్సుకుబా మనకంటే మూడున్నర గంటలు ముందు, యూరప్ మన వెనుక, అమెరికా ఇంకా వెనుక. రాత్రి డ్రాఫ్ట్ పెట్టి పడుకుంటే పొద్దున ముప్పై కామెంట్లు కనిపించొచ్చు. ఒకరు ఈ స్లైడ్ తీసేయమంటారు, ఇంకొకరు దాన్నే రెండు చేయమంటారు. నేను పరిశోధనలో ఉన్న రోజుల్లో మొదటి టాక్‌కు అందరి మాటా వింటూ పోయి 12 స్లైడ్లను 23 చేశాను. రిహార్సల్‌లో పదిహేడో స్లైడ్ దగ్గరే టైమ్ అయిపోయింది. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి: తప్పు చూపిన కామెంట్‌ను వెంటనే దిద్దుతాను, అభిరుచి కామెంట్‌కు థాంక్స్ చెప్పి నాకు తోచినట్టు చేస్తాను. ‘ఇది చేర్చండి’ అంటే, బదులుగా ఏది తీయాలో వాళ్లనే అడుగుతాను. అన్నట్టు, ఫాంట్ మీద వచ్చే కామెంట్లకు కుంగిపోకండి. 2012 జులై 4న హిగ్స్ ఫలితాన్ని అప్పటి అట్లాస్ సారథి ఫాబియోలా జనోటీ కామిక్ శాన్స్ అనే సరదా ఫాంట్‌లో చూపించారు. లోకం నవ్వింది, హిగ్స్‌కేమీ కాలేదు.

వేరేవాళ్ల ఎనాలిసిస్ గురించి మీకు లోతుగా తెలియదన్న బెరుకు సహజం. ఒక్కో ఫలితం చేసినవాళ్లకు చిన్న మెయిల్ రాయండి: ‘లోపలి సమీక్షలో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఏది?’ హాల్లో ఎవరో ఒకరు అడిగేది దాదాపు అదే. జవాబును ఒక బ్యాకప్ స్లైడ్‌గా పెట్టుకోండి. మీకు ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఆ ఎనాలిసిస్‌లు చేసినవాళ్లందరికీ మీరు పరిచయం అవుతారు, రేపు సిఫార్సు లేఖ రాసేది వాళ్లలో ఒకరే కావొచ్చు.

స్లైడ్‌కు ఒక ప్లాట్, దాని పక్కన రెండే ముక్కలు. పేపర్ కోసం గీసిన ప్లాట్‌లో అక్షరాలు వెనక వరసకు కనిపించవు కాబట్టి, అడ్డం నిలువు గీతల మీద ఏముందో పెద్ద అక్షరాలతో పక్కన రాయండి. స్లైడ్ నంబర్ మరవకండి, ప్రశ్నల టైమ్‌లో ‘ఆ ఎర్ర బొమ్మ ఉన్న స్లైడ్’ అని వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇంగ్లిష్ గురించి భయముంటే మొదటి రెండు వాక్యాలూ చివరి వాక్యమూ కంఠతా పట్టండి, మధ్యలో ప్లాట్లే నడిపిస్తాయి.

ఎవరైనా మీ సొంత ఎనాలిసిస్ గురించి అడిగితే, ‘పని జరుగుతోంది, విడుదలయ్యాక చెబుతాం’ అనండి. తెలియని ప్రశ్నకు ‘ఎనాలిసిస్ చేసినవాళ్లను అడిగి మీకు మెయిల్ చేస్తాను’ అనండి, ఆ మెయిల్ నిజంగా పంపండి. మీ పని గురించి మాట్లాడుకోవడానికి టీ విరామాలున్నాయి. టాక్ బాగా చెబితే వాళ్లే కప్పు పట్టుకుని మీ దగ్గరికి వస్తారు, అయితే అక్కడ కూడా బయటికి రాని అంకె మాత్రం నోరు జారకండి.