బొర్రా గుహల పాఠం పంపిన తమ్ముడికి

సీతమ్మధార,
విశాఖపట్నం

తమ్ముడూ,

బొర్రా గుహల మీద నువ్వు రాసిన పాఠమూ, తొమ్మిదో తరగతి పిల్లల జవాబులు దిద్దిన కాగితాలూ చదివాను. కొండ మీద పడ్డ వాన గుహలోకి దిగడానికి ఎన్నాళ్ళు పడుతుందో పిల్లలనే ఊహించమన్న ప్రశ్న బాగుంది. మిగతాది చూస్తే మాత్రం కోపం వచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నీ వర్డ్ ఫైల్‌ను ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడు. టెక్స్ట్ బాక్సుల్లో పెట్టిన మాటలన్నీ చెదిరిపోయాయి. నేల మీంచి లేచే స్టాలగ్మైట్ పేరు పోయి పైనుంచి వేలాడే స్టాలక్టైట్ బొమ్మ మీద కూర్చుంది. పిల్లలు చూసేది ఆ ఫోన్లలోనే. ఇక శీర్షికలు: ఒకచోట అక్షరం సైజు 18, ఇంకోచోట 16, మరోచోట నీలం రంగు. కంప్యూటర్‌కి వాటిలో ఒక్కటీ శీర్షిక కాదు, లావుపాటి అక్షరాలు మాత్రమే. అందుకే విషయసూచిక ఖాళీగా వస్తోంది. చూపు లేని పిల్లవాడికి తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్ళలేదు.

నా పట్టుదల ఒక్కటే. పాఠం రాసేవాడు ఇది శీర్షిక, ఇది ప్రశ్న, ఇది పిల్లవాడి వాక్యం అని ముందు తేల్చి చెప్పాలి. రంగులూ సైజులూ తర్వాతి పని. మామూలు టెక్స్ట్‌లో గుర్తులు పెట్టి రాస్తే ఆ తేల్చడం తప్పించుకోలేవు. ఆ గుర్తుల పద్ధతి పేరే మార్క్‌డౌన్. జాన్ గ్రూబర్ 2004లో దాన్ని తయారుచేసినప్పుడు, మనుషులు ఈమెయిల్‌లో రాసుకునే పద్ధతినే ఎక్కువగా ఆధారం చేసుకున్నాడు. కాబట్టి గుర్తులు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. శీర్షికకు ముందు #, ఉపశీర్షికకు ##, జాబితాకు హైఫన్, లావు అక్షరాలకు మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు. వాట్సాప్‌లో ఒక్క నక్షత్రానికే అక్షరం లావవుతుంది కదా, ఆ అలవాటు ఇక్కడ మానుకో. ఇక్కడ ఒక్క నక్షత్రం అంటే వాలు అక్షరాలు. తెలుగు ఫాంట్లలో అసలైన వాలు అక్షరాలు దాదాపు ఉండవు. ఒక్కోచోట కంప్యూటర్ మామూలు అక్షరాన్నే బలవంతంగా వంచేస్తుంది, ఒక్కోచోట ఏ తేడా కనిపించదు. మనకు లావు అక్షరాలు, కొటేషన్ గుర్తులు చాలు.

ఆ ఒక్క ఫైల్‌ను పాన్‌డాక్‌కి ఇస్తే వర్డ్, స్లయిడ్లు, పీడీఎఫ్ అన్నీ అదే చేసిపెడుతుంది. బర్క్లీలో తత్వశాస్త్రం చెప్పే జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. కమాండ్ విండోలో పాన్‌డాక్ (pandoc) అని కొట్టి, నీ ఫైల్ పేరు, హైఫన్ ఓ (-o), ఆ తర్వాత కావలసిన ఫైల్ పేరు ఇవ్వాలి. ఆ పేరు చివర డాక్ఎక్స్ (.docx) అంటే వర్డ్, పీపీటీఎక్స్ (.pptx) అంటే స్లయిడ్లు. హెచ్‌టీఎమ్‌ఎల్, అంటే బ్రౌజర్‌లో తెరిచే వెబ్ పేజీ, కావాలంటే హైఫన్ ఎస్ (-s) కూడా చేర్చు. లేకపోతే తలభాగం లేని ముక్క వస్తుంది, అక్షరాలను ఏ సంకేతాల్లో దాచారో (ఎన్‌కోడింగ్) బ్రౌజర్‌కి తెలియక తెలుగు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు.

దీని అవసరం నీ పాఠంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక బొర్రా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. స్లయిడ్లలో అది దిద్దావు. పాఠంలో, వర్క్‌షీట్‌లో విశాఖపట్నం జిల్లా అనే ఉంది. మూడు చోట్ల మూడు కాపీలు పెట్టుకుంటే జరిగేది ఇదే. మూలం ఒక్కటే అయితే ఒక్క మాట మార్చి, మూడు కమాండ్లు మళ్ళీ నడిపితే అయిపోయేది.

తెలుగు పీడీఎఫ్ దగ్గర అందరూ ఆగిపోతారు. పీడీఎఫ్ చేయడానికి పాన్‌డాక్ మామూలుగా వాడే పీడీఎఫ్‌లాటెక్ అనే ప్రోగ్రాముకి తెలుగు రాదు. కమాండ్‌లో పీడీఎఫ్ ఇంజన్‌గా జీలాటెక్ పెట్టు (--pdf-engine=xelatex). అంతటితో అవదు, ఏ ఫాంట్ వాడాలో మెయిన్‌ఫాంట్ (-V mainfont) అని కూడా చెప్పాలి. చెప్పకపోతే అది వాడుకునే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు కనుక పేజీ ఖాళీగా వస్తుంది. నోటో సెరిఫ్ తెలుగు పెట్టుకో, అందులో లావు అక్షరాలు కూడా ఉన్నాయి. మండలి ఫాంట్ చూడటానికి అందంగా ఉంటుంది కానీ ఒకే బరువులో దొరుకుతుంది. రెండేసి నక్షత్రాలు పెట్టినా పీడీఎఫ్‌లో తేడా కనిపించదు, తప్పెక్కడుందో తెలియక నువ్వు జుట్టు పీక్కుంటావు. వర్డ్‌లో ఇంకో చిక్కు: స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారదు. వర్డ్ లెక్కలో తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్. ఫాంట్ డబ్బాలో దానికి వేరే గడి ఉంటుంది, అక్కడ మార్చాలి. ఒకసారి మార్చిన ఫైల్‌ను పాన్‌డాక్‌కి నమూనాగా, అంటే రిఫరెన్స్ డాక్‌గా (--reference-doc) ఇచ్చావంటే ప్రతి పాఠమూ అదే ముస్తాబుతో వస్తుంది.

ఫైల్‌ను యూటీఎఫ్ 8 అనే యూనికోడ్ పద్ధతిలోనే దాచు. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసి ఇమ్మనే సంపాదకులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ మాట వినకు. ఆ ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగైనా లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు. వెతికితే దొరకవు, పాన్‌డాక్‌కి ఇస్తే చెత్త వస్తుంది, యూనికోడ్‌లోకి మార్చబోతే ఒత్తులు ఊడిపోతాయి. చివరికి ఆ అచ్చుతప్పులన్నీ రచయిత నెత్తిన రుద్దుతారు. పిల్లల పుస్తకాలు ఇలా పాడవడం చూస్తే నాకు ఇవాళ్టికీ కడుపు మండుతుంది.

ఖాళీ లైన్ సంగతి బాగా గుర్తుంచుకో. శీర్షికకు ముందు, జాబితాకు ముందు ఖాళీ లైన్ లేకపోతే పాన్‌డాక్ దాన్ని పై పేరాలో కలిపేస్తుంది. # తర్వాత స్పేస్ తప్పనిసరి. పేరా మొదట్లో 1933 అని రాసి, చుక్క పెట్టి, స్పేస్ ఇచ్చావనుకో, నీ ఓడరేవు పాఠంలో ఉన్నట్టే, అది 1933 నుంచి మొదలయ్యే జాబితా అయిపోతుంది. చుక్కకు ముందు బ్యాక్‌స్లాష్ (\) కొడితే సరి. పద్యమైతే నాలుగు పాదాలూ ఒకే వరసలోకి వచ్చేస్తాయి. ప్రతి పాదం మొదట నిలువు గీత, స్పేస్ పెట్టు, పాదాలు విడిగా నిలుస్తాయి.

ఇప్పుడు నువ్వు దిద్దిన కాగితాలు. ముప్ఫై మందికీ ఎర్ర సున్నాలు చుట్టి, కింద ‘ఇంకా బాగా రాయాలి’ అన్నావు. ఏది బాగా రాయాలి? ఎలా? అది చదివిన పిల్లవాడు రేపు పొద్దున చేయగలిగిన పని అందులో ఒక్కటీ లేదు. పిల్లవాడి వాక్యం ముందు > గుర్తు పెట్టి ఉన్నదున్నట్టు ఎత్తిరాయి. దాని కింద నీ మాట రాయి. నీ దగ్గరున్న కాగితంతోనే చేసి చూపిస్తున్నాను:

## రోల్ నంబర్ 14, ప్రశ్న 3

> వాన నీరు సున్నపురాయిని కరిగించి గుహ చేస్తుంది.

సగం సరిగ్గా ఉంది. వట్టి నీటికి సున్నపురాయి దాదాపు కరగదు. గాలిలోంచి, మట్టిలోంచి ఆ నీటిలో ఏ వాయువు కలుస్తుంది? అది చేర్చి వాక్యం మళ్ళీ రాయి.

> పైనుంచి కారే నీరు గడ్డకట్టి రాయిలా వేలాడుతుంది.

గడ్డకట్టేది నీరు కాదు. చుక్కలోంచి ఆ వాయువు గుహ గాలిలోకి పోయాక ఏ పదార్థం మిగిలిపోతుంది? పేరు రాయి.

చూశావా, జవాబు చెప్పలేదు, దారి చూపించాను. పిల్లవాడి వాక్యానికీ నీ మాటకూ మధ్య ఖాళీ లైన్ మరిచిపోకు. మరిచిపోతే నీ వ్యాఖ్య కూడా ఉల్లేఖనలోకి వెళ్ళిపోయి, పిల్లవాడే రాసుకున్నట్టు కనిపిస్తుంది.

ఒక్కో పిల్లవాడికి ఒక్కో ఫైల్ పెట్టు, పేరు మొదట్లో రోల్ నంబర్ రెండంకెల్లో, 04, 14 అని, అప్పుడే వరసగా నిలుస్తాయి. మళ్ళీ మళ్ళీ వచ్చే తప్పులకు వ్యాఖ్యలు ఒక ఫైల్‌లో దాచుకుని అతికించుకోవచ్చు, కానీ ఆఖరి వాక్యం మాత్రం ఆ పిల్లవాడి కోసమే కొత్తగా రాయాలి. అతికించిన ప్రతిచోటా <!-- వాయువు --> అని ఒక దాపుడు గుర్తు పెట్టు. పీడీఎఫ్‌లో, వర్డ్‌లో అది కనిపించదు. నెలాఖరున ఫోల్డర్ మొత్తం ‘వాయువు’ గుర్తు కోసం వెతికితే ఆ తప్పు ఎంతమంది చేశారో తెలుస్తుంది. సగం క్లాసు చేసిందంటే పాఠంలోనే ఆ మెట్టు లేదన్నమాట. నీ పాఠంలో నిజంగానే లేదు. కార్బన్ డయాక్సైడ్ మాట ఎత్తకుండా నేరుగా గుహలోకి వెళ్ళిపోయావు. జవాబులు కూడా ఇలాగే దాచుకోవచ్చు కానీ ఆ ఫైల్‌ను హెచ్‌టీఎమ్‌ఎల్‌గా పిల్లలకు పంపకు. పేజీ సోర్స్ తెరిస్తే జవాబులన్నీ అక్కడే ఉంటాయి.

లాప్‌టాప్ ఏది కొనాలన్నది ఇప్పుడు నన్నడగకు. ఉన్నదాంట్లో నోట్‌ప్యాడ్ చాలు. ముందు ఆ వాయువు పేరా చేర్చి, పాఠాన్ని మార్క్‌డౌన్‌లో తిరగరాసి పంపు. వర్డ్ కాపీ వద్దు, మార్క్‌డౌన్ ఫైల్ (డాట్ ఎండీ, .md) ఒక్కటే పంపు. బొమ్మలు అదే ఫోల్డర్‌లో పెట్టి జిప్ చెయ్యి, లేకపోతే నా దగ్గర తెరుచుకోవు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య