విడిపోయిన ఎమో బ్యాండ్ మళ్లీ కలిస్తే పాత ఊపు వస్తుందా?

తిరుపతిలో హాస్టల్‌లో ఉంటున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఎమో అంటే మనసులోని బాధను గట్టిగా, ఒక్కోసారి అరుస్తూ పాడే ఒక రకం రాక్ సంగీతం.

వస్తుంది, కానీ మొత్తం రాదు. టెక్సాస్‌లోని ఎల్ పాసో బ్యాండ్ అట్ ద డ్రైవ్-ఇన్‌నే చూడు. 2000లో గొప్ప ఆల్బమ్ తెచ్చి, 2001లో ఆపేశారు. ఇద్దరు మార్స్ వోల్టా అనే బ్యాండ్ పెట్టారు, మిగతా ముగ్గురు స్పార్టా అనే బ్యాండ్ పెట్టారు. 2012లో కలిసినా కొత్త ఆల్బమ్ 2017లోనే వచ్చింది. అప్పటికి గిటారిస్ట్ జిమ్ వార్డ్ లేడు. ఆయన రెండో గొంతు లేని లోటు నాకు ప్రతి పాటలోనూ వినిపిస్తుంది.

ఇక పాటల్లో వచ్చే ఆ అరుపు సంగతి. మన చిత్తూరు వైపు భారతం ఉత్సవాల్లో తెల్లవార్లూ వీధి నాటకం ఆడేవాళ్లను గమనించు. బలమంతా ఊపిరిలోనే ఉంటుంది, గొంతు నరాల్లో కాదు. సాధన ఆగితే ముందు తగ్గేది ఆ ఊపిరే. అందుకే బ్యాండ్ మళ్లీ కలిశాక చేసే మొదటి రెండు మూడు షోల వీడియోలు చూసి టెన్షన్ పడకు.