జోసెఫస్ సాక్ష్యం గురించి

యేసు గురించి వాదనలో, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫసే యేసును "ఆయనే క్రీస్తు" అని రాశాడు కదా అని అవతలి క్రైస్తవులు నిలదీస్తే జవాబు తోచలేదన్నారు. ఆ పేరా మొత్తం ఫోర్జరీ అని మాత్రం కొట్టిపారేయకండి, అక్కడే దొరికిపోతారు. జోసెఫస్ దాదాపు క్రీ.శ. 93లో రాసిన యూదుల చరిత్ర గ్రంథం (Antiquities of the Jews) 18వ భాగంలో ఆ వాక్యం ఉన్న మాట నిజమే. కానీ 3వ శతాబ్దపు పండితుడు ఒరిజెన్, తనే క్రైస్తవుడై ఉండి కూడా, జోసెఫస్ యేసును క్రీస్తుగా ఒప్పుకోలేదని రాశాడు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు మొదట ఉటంకించింది 4వ శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు యూసేబియస్. మధ్యలో ఎవరో క్రైస్తవుడు చెయ్యి పెట్టాడనే ఎక్కువమంది పండితులు అంటారు. ఈ పాయింటు గట్టిగా పట్టుకోండి.

20వ భాగంలో యేసు సోదరుడు యాకోబు ప్రస్తావన ఉంది, దాన్ని చాలామంది అసలైనదిగానే ఒప్పుకుంటారు. అందుకే యేసు అనే మనిషే లేడని వాదించడం నా దృష్టిలో టైం దండగ. మూడో రోజు తిరిగి లేచాడన్న మాట కూడా ఆ 18వ భాగం పేరాలోనే ఉంది. యేసును క్రీస్తుగా ఒప్పుకోని మనిషి ఆ మాట రాశాడంటే, దాన్ని సాక్ష్యంగా ఎలా ఒప్పుకోవాలో వాళ్లనే అడగండి.